హోమ్‌లోన్ ఇంకా ఎన్ని నెలలుంది?

ఇల్లు కొన్నవాళ్లను ఈఎంఐ ఎంత అని అడగండి, రూపాయలతో సహా టక్కున చెప్తారు. ఇంకా ఎన్ని నెలలు మిగిలాయి అంటే మాత్రం "ఇరవై ఏళ్లకు తీసుకున్నాం, నాలుగేళ్లయింది, అంటే ఇంకో పదహారు" అని వేళ్ల మీద లెక్క కడతారు. ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది. బ్యాంకు యాప్‌లో లోన్ అకౌంట్ తెరిచి, పదహారు ఉండాల్సిన చోట ఇరవై పైచిలుకు చూసి గుండె గుభేలుమన్నవాళ్లు 2023లో చాలామందే ఉన్నారు. పెద్ద లోన్‌ను ముందుగా తీర్చాలంటే భారీ జీతమైనా ఉండాలి, ఊళ్లో పొలమైనా అమ్మాలి అనుకుంటాం గానీ, కథంతా ఈ నెలల లెక్క దగ్గరే నడుస్తుంది. ఈఎంఐ మీద పెట్టే కళ్లలో సగం గడువు మీద పెడితే చాలా విషయాలు బయటపడతాయి.

ఒక మామూలు లోన్ తీసుకుందాం. బాచుపల్లి వైపో, విజయవాడ శివార్లలోనో ఫ్లాట్ కోసం 50 లక్షలు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు. ఈఎంఐ 43,391 రూపాయలు. మొదటి నెల స్టేట్‌మెంట్‌లో ఆ లైను విడదీసి చూస్తే వడ్డీ 35,417, అసలుకు జమ అయింది 7,974. అంతే. అయిదేళ్లు ఒక్క వాయిదా కూడా తప్పకుండా కడితే జేబులోంచి 26 లక్షలు పోతాయి, అసలు మాత్రం ఆరు లక్షలు కూడా తగ్గదు, ఇంకా 44 లక్షల పైనే బాకీ ఉంటుంది. కట్టే ఈఎంఐలో సగం కంటే ఎక్కువ అసలుకు వెళ్లే రోజు రావడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది. ఇరవై ఏళ్లూ పూర్తయ్యేసరికి 50 లక్షల అప్పుకు వడ్డీయే 54 లక్షలు.

ఈ అంకెలు చూసి "బ్యాంకు వాళ్లు వడ్డీ అంతా ముందే లాగేస్తారు" అంటుంటారు. అందులోంచే ఇంకో మాట పుట్టింది: సగం గడువు దాటాక ముందస్తుగా కట్టినా లాభం లేదు, వడ్డీ అప్పటికే కట్టేశాం కదా అని. ఇది అపోహ. ముందే లాగడం అంటూ ఏమీ లేదు. మిగిలి ఉన్న అసలు మీద ఆ నెలకు ఎంత వడ్డీ అవుతుందో అంతే పడుతుంది, మొదట్లో అసలు పెద్దది కాబట్టి వడ్డీ పెద్దది. ఇవాళ ఒక లక్ష అదనంగా కడితే ఆ లక్ష మీద 8.5 శాతం వడ్డీ ఇవాళ్టి నుంచే ఆగుతుంది, అది లోన్ రెండో ఏడైనా పదహారో ఏడైనా ఒకటే రేటు. తేడా ఎక్కడంటే, ముందు కట్టిన లక్షకు పనిచేయడానికి ఎక్కువ ఏళ్లు దొరుకుతాయి. పై లోన్‌లోనే మొదటి ఏడాది చివర 5 లక్షలు కట్టి ఈఎంఐ అలాగే ఉంచితే గడువు నాలుగేళ్లు తగ్గుతుంది, వడ్డీ సుమారు 16 లక్షలు మిగులుతుంది. అదే 5 లక్షలు పదో ఏడాది చివర కడితే తగ్గేది రెండేళ్లు, మిగిలేది అయిదున్నర లక్షలకు కాస్త ఎక్కువ. తక్కువే, కానీ "లాభం లేదు" అనేంత తక్కువేం కాదు.

ఇప్పుడు ఆ 2023 సంగతి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (రేటు మారుతూ ఉండే) హోమ్‌లోన్లను బయటి ప్రామాణిక రేటుకు, ఎక్కువగా ఆర్‌బీఐ రెపో రేటుకు, అంటే బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే రేటుకు ముడిపెట్టాలి. 2020 మే నుంచి రెండేళ్లపాటు రెపో 4 శాతం దగ్గరే ఉండిపోయింది, లోన్లు ఏడు శాతంలోపే దొరికాయి, జనం ఎగబడి ఇళ్లు కొన్నారు. 2022 మేలో పెరగడం మొదలై 2023 ఫిబ్రవరికల్లా రెపో 6.5 శాతానికి చేరింది. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం. 6.75 శాతానికి 50 లక్షలు తీసుకున్నవాళ్ల ఈఎంఐ 38,018. రేటు 9.25కి చేరేసరికి అసలు 49 లక్షల దగ్గర ఉందనుకుంటే నెల వడ్డీయే 37,771. అంటే 38 వేలు కడితే అసలుకు జమ అయ్యేది 247 రూపాయలు, ఒక సినిమా టికెట్ డబ్బులు! అదే ఈఎంఐతో ఆ లోన్ తీరాలంటే యాభై ఏళ్లు దాటుతుంది. చాలా బ్యాంకులు ఈఎంఐ ముట్టుకోకుండా గడువును సాగదీస్తూ పోయాయి. కట్టేవాళ్లకు నెలనెలా కట్ అయ్యే అంకె మారలేదు కాబట్టి ఏం జరుగుతోందో తెలియనే లేదు. చాప కింద నీరంటే ఇదే.

2023 ఆగస్టులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ఇందుకే ముఖ్యమైనది. రేటు మారినప్పుడు ఈఎంఐ మీద, గడువు మీద ఎంత ప్రభావం పడుతుందో బ్యాంకు చెప్పాలి. ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంచెం కొంచెమా అన్నది ఎంచుకునే అవకాశం ఇవ్వాలి. కొంతగానీ మొత్తంగానీ ఎప్పుడైనా ముందుగా కట్టుకోనివ్వాలి. వడ్డీకి కూడా చాలనంతగా ఈఎంఐ ఉండిపోకూడదు. అంటే అడిగే హక్కు ఉంది. అడగకపోతే మాత్రం బ్యాంకు సిస్టమ్‌లో ఏది పెట్టి ఉంటే అదే జరిగిపోతుంది.

రేటు తగ్గేటప్పుడు దీనికి అద్దంలో బొమ్మలాంటి సంగతి ఉంది, దాన్ని చాలామంది వదిలేసుకుంటారు. 2025లో రెపో 6.5 నుంచి అంచెలంచెలుగా దిగి డిసెంబరుకు 5.25 అయింది. లోన్ రేటు ఒక శాతం తగ్గిందనుకోండి, పై 50 లక్షల లోన్‌కు ఈఎంఐ 43,391 నుంచి 40,280కి దిగుతుంది. నెలకు మూడు వేలు మిగిలాయని సంతోషించి ఆ మూడు వేలు ఎక్కడికి పోయాయో తెలియకుండా ఖర్చుపెట్టేయడం ఒక దారి. పాత ఈఎంఐనే కడుతూ పోతే ఇరవై ఏళ్ల లోన్ పదిహేడేళ్లకు తీరిపోతుంది. అంతకుముందు కడుతున్న దాని కంటే ఒక్క రూపాయి ఎక్కువ కట్టకుండా మూడేళ్లు! అందుకే రేటు తగ్గిందన్న మెసేజ్ వచ్చిన రోజే బ్యాంకు ఏం తగ్గించిందో చూసుకోవాలి. పాత కస్టమర్లు ఇంకోటి కూడా చూసుకోవాలి. రెపో మీద బ్యాంకు కలిపే మార్జిన్ కొత్తగా వచ్చేవాళ్లకు తక్కువ ఉండి, పాతవాళ్లకు ఎక్కువ ఉండటం మామూలే. తగ్గించమని అడిగితే కొంత ఫీజు తీసుకుని తగ్గించేవాళ్లున్నారు, కుదరదంటే లోన్‌ను వేరే బ్యాంకుకు మార్చుకోవచ్చు. 2019కి ముందు లోన్లు ఇంకా బ్యాంకు తనే లెక్కకట్టుకునే పాత ఎంసీఎల్ఆర్, బేస్ రేటు పద్ధతుల్లోనే నడుస్తున్నవాళ్లు ముందు రెపో పద్ధతికి మారే పని చూసుకోవాలి.

అదనంగా కట్టే పద్ధతుల్లో రెండు బాగా వినబడతాయి. ఏడాదికి ఒక ఈఎంఐ ఎక్స్‌ట్రా కట్టడం ఒకటి: ఇరవై ఏళ్లు పదహారేళ్ల ఎనిమిది నెలలకు దిగుతుంది, వడ్డీ పది లక్షలకు పైగా మిగులుతుంది. జీతం పెరిగినప్పుడల్లా ఈఎంఐని ఏటా 5 శాతం పెంచుకోవడం రెండోది: పన్నెండేళ్ల రెండు మూడు నెలల్లో లోన్ పూర్తి, మిగిలే వడ్డీ 19 లక్షల పైన. రెండోది కాగితం మీద చాలా అందంగా ఉంటుంది. కాకపోతే పన్నెండో ఏడాదికల్లా ఈఎంఐ 74 వేలు అవుతుంది, ఆ ఏళ్లలోనే పిల్లల ఇంటర్, ఇంజినీరింగ్ ఫీజులు వచ్చి పడతాయి. జీతాలు ఏటా పెరుగుతాయన్న నమ్మకం మీద నిలబడిన పద్ధతి అది, హైటెక్ సిటీలో ఈ మధ్య ఆ నమ్మకం ఎంత పలుచబడిందో అక్కడ పనిచేసేవాళ్లను అడిగితే తెలుస్తుంది. మొదటి అయిదారేళ్లు పెంచి తర్వాత ఆపేసినా చాలావరకు ప్రయోజనం వచ్చేస్తుంది కాబట్టి, చివరిదాకా పెంచుతూనే ఉంటామని ఒట్టు పెట్టుకోనక్కర్లేదు.

పెద్ద మొత్తాల కంటే నెలనెలా చిన్న మొత్తమే ఎక్కువమందికి కుదురుతుంది. నెలకు 5,000 అదనంగా కడితే పదిహేనున్నర ఏళ్లు. 10,000 కడితే పన్నెండేళ్ల పది నెలలు. పది వేలకు ఏడేళ్లు పోతున్నాయి, 21 లక్షలకు పైగా వడ్డీ పోతోంది. మరి ఆ పది వేలు ఎక్కడున్నాయి?

బడ్జెట్ అనగానే అందరూ స్విగ్గీ, జెప్టో, ఓటీటీల మీద పడతారు. వాటిలో మిగిలేది ఉంటుంది, కాదనడం లేదు, కానీ తెలుగిళ్లలో బడ్జెట్‌ను కూలదోసేది బిర్యానీ కాదు, జూన్ నెల. ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇంట్లో ఇద్దరి జీతం చేతికి 1,40,000 వస్తుంది. ఈఎంఐ పోగా 96 వేలు, నెల ఖర్చు 45 వేలు, కాబట్టి యాభై వేలు మిగులుతున్నాయని ఆ ఇంట్లో అనుకుంటారు, మరి అకౌంట్‌లో ఎందుకు కనబడవో అర్థంకాక ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చే ఖర్చులు ఒక కాగితం మీద రాస్తే సంగతి తేలుతుంది: ఇద్దరు పిల్లల స్కూల్ ఫీజు, పుస్తకాలు, బస్సు కలిపి 2,20,000, ఎల్ఐసీ ప్రీమియంలు 60,000, హెల్త్ ఇన్సూరెన్స్ 35,000, కారు, బండి ఇన్సూరెన్స్ 25,000, ఇంటి పన్ను 8,000, దసరా సంక్రాంతి బట్టలూ ఊరి ప్రయాణాలూ 60,000, పెళ్లిళ్లు, గృహప్రవేశాల చదివింపులు 40,000. మొత్తం 4,48,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 37 వేల పైచిలుకు. యాభై వేల మిగులు అనుకున్నది నిజానికి పద్నాలుగు వేలు!

ఈ 37 వేలను ప్రతి నెలా జీతం పడగానే వేరే అకౌంట్‌కు పంపేస్తే, జూన్‌లో క్రెడిట్ కార్డు గీకి దాన్ని ఈఎంఐలుగా మార్చుకునే అవసరం రాదు. ఇది హోమ్‌లోన్‌కు సంబంధం లేని సంగతిలా కనబడుతుంది గానీ, ముందస్తుగా కడదామని మొదలుపెట్టి మధ్యలో ఆపేసేవాళ్లలో ఎక్కువమంది ఆపేది ఇక్కడే. ఏప్రిల్‌లో ఉత్సాహంగా లక్ష కట్టేస్తారు, జూన్‌లో ఫీజుకు పర్సనల్ లోన్ తీసుకుంటారు, అది ఎంత లేదన్నా హోమ్‌లోన్ కంటే ఎక్కువ వడ్డీకే. ఎనిమిదిన్నర శాతం అప్పు తీర్చడానికి పదమూడు పద్నాలుగు శాతం అప్పు చేసినట్టు. ఏడాది ఖర్చులు పక్కన పెట్టాక మిగిలిన పద్నాలుగు వేలలో పది వేలు, ఈఎంఐ కట్ అయిన మర్నాడే లోన్ అకౌంట్‌కు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చేస్తే చాలు. నెలాఖరుకు మిగిలితే కడదాం అంటే ఏ నెలా మిగలదు.

కట్టేటప్పుడు బ్యాంకు ఫారంలోనో యాప్‌లోనో ఒక చిన్న ప్రశ్న ఉంటుంది: ఈఎంఐ తగ్గించాలా, గడువు తగ్గించాలా? మొదటి ఏడాది చివర 5 లక్షలు కట్టిన ఉదాహరణనే చూస్తే, గడువు తగ్గించుకుంటే 16 లక్షలు మిగిలింది కదా, ఈఎంఐ తగ్గించుకుంటే అది 38,964కి దిగి మొత్తం మీద మిగిలేది 5 లక్షల చిల్లరే. కౌంటర్ దగ్గర హడావిడిగా పెట్టే ఒక్క టిక్కుకు 11 లక్షల తేడా. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఉద్యోగం మీద భరోసా లేనివాళ్లు ఈఎంఐ తగ్గించమనే చెప్పి, తగ్గిన ఆ నాలుగున్నర వేలను నెలనెలా తామే అదనంగా కట్టుకుంటూ పోవచ్చు. ఫలితం గడువు తగ్గించుకున్నదాంతో సమానం. ఉద్యోగం పోయిన నెల అదనం ఆపేయొచ్చు, బ్యాంకుకు కట్టక తప్పని మొత్తం తక్కువే ఉంటుంది. క్రమశిక్షణ ఉన్నవాళ్లకు ఇది మెరుగైన ఏర్పాటు, లేనివాళ్లు గడువు దగ్గర టిక్కు పెట్టేసి మర్చిపోవడం మంచిది. ఏది చేసినా వచ్చే నెల స్టేట్‌మెంట్ తీసి అసలు నిజంగా తగ్గిందో లేదో చూడాలి. కొన్ని చోట్ల అదనంగా పంపిన డబ్బు ముందస్తు ఈఎంఐగా పక్కన కూర్చుంటుంది, వడ్డీ మాత్రం ఎప్పటిలాగే పడుతుంటుంది.

ఛార్జీల భయం అక్కర్లేదు. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు హోమ్‌లోన్‌ను ముందుగా తీర్చినందుకు బ్యాంకులు పెనాల్టీ వేయకూడదని ఆర్‌బీఐ 2012లోనే చెప్పింది. ఫిక్స్‌డ్ రేటు లోన్ అయితే అగ్రిమెంట్ చదువుకోవాలి.

డబ్బు ఎక్కడి నుంచి తెచ్చి కట్టాలన్నది ఇంకో పేచీ. ఎఫ్‌డీలో ఏడు శాతం వస్తోందని మురుస్తూ 8.5 శాతం లోన్ కట్టేవాళ్లు ఉంటారు. ముప్ఫై శాతం పన్ను శ్లాబులో ఉంటే ఆ ఏడులో పన్నూ, సెస్సూ పోగా చేతికొచ్చేది 4.8, కాబట్టి అత్యవసర నిధిని మించిన ఎఫ్‌డీ ఏదైనా లోన్‌లో పడటమే నయం. పీఎఫ్ జోలికి మాత్రం వెళ్లకూడదు. 2024-25కి అది 8.25 శాతం ఇచ్చింది, మామూలు ఉద్యోగి జమకు దాని మీద పన్ను లేదు, ఒకసారి తీసేస్తే ఆ గూడు మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. చీటీ చివరి నెలల్లో పూర్తి మొత్తం వస్తే లోన్‌కు కట్టొచ్చు గానీ, లోన్ కోసమని ముందే పెద్ద తగ్గింపుకు చీటీ పాడితే అది ఖరీదైన అప్పే. మ్యూచువల్ ఫండ్ సిప్ ఆపి లోన్ కట్టాలా అన్న వాదనకు ఎవరూ తీర్పు చెప్పలేరు. దీర్ఘకాలంలో షేర్లు ఎక్కువ ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు, లోన్ కడితే 8.5 శాతం ఖాయం. సగం సగం చేసుకునేవాళ్లు పిరికివాళ్లేం కాదు. ఇక ఊరి బయట పదేళ్ల కింద కొని, చుట్టూ కంపచెట్లు మొలిచిన ప్లాటు. 20 లక్షల ప్లాటు ఏటా కనీసం 1,70,000 పెరుగుతుంటేనే దాన్ని ఉంచుకోవడం లోన్‌తో పోలిస్తే గిట్టుబాటు. ఆ లెక్క వేయమంటే ఇంట్లో పెద్దలకు కోపం వస్తుంది, అది వేరే సంగతి.

అమెరికాలో ఉన్న బంధువుల సలహా ఇక్కడ పనికిరాదు. 2020, 2021లలో అక్కడ ముప్ఫై ఏళ్లకు మూడు శాతం దగ్గర స్థిర వడ్డీతో ఇళ్లు కొన్న తెలుగువాళ్లు "ముందుగా కట్టడం తెలివితక్కువ" అంటే వాళ్ల మటుకు అది నిజమే. ఆ రేటు ముప్ఫై ఏళ్లూ కదలదు. మన లోన్ రేటు తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం లేచింది.

పన్ను మినహాయింపు కోసం లోన్ ఉంచుకోవాలన్నది ఒకప్పటి మాట. సొంతంగా ఉంటున్న ఇంటి లోన్‌పై వడ్డీకి ఏటా 2 లక్షల దాకా, అసలుకు వచ్చే మినహాయింపులు పాత పన్ను విధానంలోనే ఉన్నాయి. కొత్త విధానంలో ఉన్నవాళ్లకు సొంత నివాసం మీద అవి రెండూ లేవు. పాత విధానంలో ఉన్నా, మన ఉదాహరణలో మొదటి ఏడాది వడ్డీ 4,21,000, ముప్ఫై శాతం శ్లాబులో 2 లక్షల మినహాయింపుకు మిగిలే పన్ను సెస్‌తో కలిపి 62,400. ఏడాది వడ్డీ 2 లక్షల పైన ఉన్నంతకాలం ముందస్తుగా ఎంత కట్టినా ఆ మినహాయింపులో పైసా తగ్గదు. బాకీ 23 లక్షల దగ్గరికి దిగాక మాత్రం వాళ్లు ఒకసారి ఆగి లెక్క చూసుకోవచ్చు, అక్కడి నుంచి పన్ను మినహాయింపు పోగా లోన్ నిజమైన ఖర్చు ఆరు శాతం లోపు పడుతుంది.

ఇంత ఊపులో అందరూ చేసే పొరపాటు చేతులు ఖాళీ చేసుకోవడం. లోన్‌లో వేసిన డబ్బు మామూలుగా వెనక్కి రాదు. ఈఎంఐతో కలిపి ఆరు నెలల ఖర్చు బయట ఉంచకుండా ఉన్నదంతా లోన్‌లో పోస్తే, ఉద్యోగం పోయిన నాడు 20 లక్షలు ముందుగా కట్టారు కదా అని బ్యాంకు వచ్చే నెల ఈఎంఐ మాఫ్ చేయదు. ఎస్‌బీఐ మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓవర్‌డ్రాఫ్ట్ తరహా లోన్లు ఉన్నది ఈ భయానికే. డబ్బు ఆ అకౌంట్‌లో పెడితే అంతమేరకు వడ్డీ పడదు, కావాలంటే తీసుకోవచ్చు. రేటు మామూలు లోన్ కంటే కొంచెం ఎక్కువ. చేతికి అందేలా ఉన్న డబ్బును ముట్టుకోకుండా ఉండగలిగినవాళ్లకే అది.

లోన్ తీరాక కాగితాల పని ఉంటుంది, సంబరంలో దాన్ని వాయిదా వేస్తారు. పూర్తిగా కట్టిన 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్ పత్రాలు తిరిగి ఇవ్వాలి, తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి, 2023 డిసెంబరు నుంచి ఇది నియమం. లోన్ తీసుకున్న రోజు బ్యాంకు ఇచ్చిన పత్రాల జాబితా దగ్గరుంటే ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ తీసుకోవచ్చు, లింకు డాక్యుమెంట్లతో సహా. బాకీ ఏమీ లేదని రాసిచ్చే ఎన్‌ఓసీ తీసుకోవాలి, ఆటోడెబిట్ రద్దు చేయించాలి, నెల రెండు నెలలు పోయాక అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో లోన్ క్లోజ్ అయినట్టు పడిందో లేదో చూడాలి. లోన్ ఇచ్చేటప్పుడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఎంవోడీ, అంటే ఇంటి పత్రాలు బ్యాంకులో తాకట్టు పెట్టినట్టు కాగితం, రిజిస్టర్ చేయించి ఉంటే, ఎన్‌ఓసీ బీరువాలో పెట్టుకున్నంత మాత్రాన అది పోదు. బ్యాంకు తరఫు మనిషి వచ్చి సంతకం పెట్టి, తాకట్టు తీసేసినట్టు రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయాలి. అది జరిగాక ఒక ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి చూస్తే, ఎంవోడీ ఎంట్రీ కింద రిలీజ్ ఎంట్రీ కనబడుతుంది. కనబడకపోతే మళ్లీ బ్రాంచికి వెళ్లాల్సిందే.